మోకాలితో తెరిచే తలుపు

మనింట్లో, వంటింటి గట్టు మీద కూర్చుని

అక్కా,

వీడేంటి, ఉత్తరం రాయడమేంటి అని నవ్వకు. ఫోన్ చేస్తే నీ వెనకాల ఆ కుట్టుమిషన్లన్నీ నాకంటే ముందు మాట్లాడతాయి. మొన్న నేను "నర్సమ్మ వచ్చి ఇల్లు చూసింది" అంటే, నువ్వు "ఎవరికి జ్వరం?" అన్నావు. ఇక లాభం లేదని కాగితం తీశా. కాగితానికి చెవుడు లేదు.

ఎవరికీ జ్వరం లేదు. ఆవిడ మనిల్లు కొంటానంటోంది. ఆసుపత్రి వెనక సందులో అద్దెకుంటున్నారు. ఆవిడా, ఆయనా, అత్తగారూ. ఆయన మాట్లాడడు, అత్తగారు ఆగదు. నర్సమ్మ మధ్యలో ఉండి ఇద్దరికీ సరిపడా నవ్వుతూ ఉంటుంది. ఇల్లంతా తిరిగి, నచ్చింది అంది. అక్కడితో ఆగితే బాగుండేది. అత్తగారు ఊరుకుంటుందా? "మనిషిని చేర్చుకునే ముందే అన్ని పరీక్షలూ చేస్తారు మీరు. ఇల్లు కొనే ముందు చెయ్యరా?" అంది కోడలితో. దాంతో నర్సమ్మ, ఇళ్ళు పరీక్ష చేసే ఆయన ఒకాయన ఉన్నాడట, ఆయన చూసి బాగుందని రాసిస్తే కొంటాం అంది.

నేను ఊరుకున్నానా? "మీరెందుకు, మేమే పిలిపిస్తాం. మా నాన్న తాపీమేస్త్రీ. తన చేత్తో తను కట్టుకున్న ఇల్లు. ఆయన చూసి మెచ్చుకుని పోవాలి తప్ప, ఒక్క వంక పెట్టలేడు" అన్నా.

నువ్వేం అనుకుంటున్నావో నాకు తెలుసు. ఈ బొంగరంగాడు ఏ పని చివరిదాకా చేశాడు గనక అని. స్కూలు సగం, బేకరీ సగం, సైకిల్ షాపు సగం. గేటుకి రంగు కూడా ఒక రెక్కకే వేశా, నిజమే. ఈ ఒక్కటి మాత్రం చేసి చూపిస్తా. నీ షాపు మీద ఒట్టు.

నీ తమ్ముడు


కుట్టు షెడ్డులో, అన్నం తినే బల్ల మీంచి

ఒరేయ్ బొంగరం,

నా షాపు మీద నువ్వు ఒట్టు పెట్టడమేంటిరా, అది ఇంకా నాది కాందే!

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించా. "వీడు మాటలు అమ్మినా బతికేస్తాడు" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో అడగలేదు.

షాపు సంగతి విను. ముందు గది బాగుంది, వెలుతురు ఉంది, మిషన్ కిటికీ పక్కనే వేసుకోవచ్చు. వెనక రెండు గదులున్నాయట. ఒకటి మాకు, ఒకటి నీకు. తాళం కొడుకు దగ్గరుందని షాపు ఓనరు మీసాల తాత చూపించలేదు. వానలు మొదలయ్యేదాకా ఎవరికీ ఇవ్వను, ఆ తర్వాత నన్ను అడక్కు అన్నాడు. ఆయన మాట మీద ఉండే మనిషే. అదే నా భయం.

పన్నెండేళ్ళ నుంచి ఈ షెడ్డులో నేను కాలర్లు కుడుతున్నా. వరసకి ఒక పని. పక్కామె చేతులు కుడుతుంది, వెనకామె గుండీలు. ఎన్ని మెడలు నా కాలర్లు తొడుక్కున్నాయో గానీ, ఒక్క చొక్కా మొత్తం నా చేత్తో కుట్టి ఎరగను. మనిల్లు అమ్ముడై, షాపు నాదైతే కుడతా. లేకపోతే రిటైరయ్యేదాకా మెడలే.

కాబట్టి ఆ వచ్చే ఆయన దగ్గర తెలివితేటలు చూపించకు. ఏదీ దాచకు. గేటు రెండో రెక్కకి కూడా రంగు వెయ్యి.

నీ అక్క


మెట్ల మీంచి

అక్కా,

ఆయన వచ్చి వెళ్ళాడు. టార్చి చాలా పెద్దది. టీలో చక్కెర వేసుకోడు. అంతా బాగుంది. గేటు రెండో రెక్కకి రంగు వేశా.

ఉంటా,
తమ్ముడు


కుట్టు షెడ్డులో, దారపు పెట్టెల చాటున

ఒరేయ్,

నువ్వు నాలుగు ముక్కలు రాశావంటే నాలుగు గోడలు కూలాయన్నమాట. చిన్నప్పుడూ అంతే. గ్లాసు పగిలిన రోజున ఇంట్లో నీ నోరు వినబడేది కాదు.

ఏం జరిగిందో మొత్తం రాయి. ఆయన చెప్పులు విప్పిన దగ్గర్నుంచి తొడుక్కున్న దగ్గరదాకా. ఒక్క ముక్క తగ్గినా నేను బస్సెక్కి వచ్చేస్తా, సెలవు లేకపోయినా సరే. సూపర్వైజరమ్మ ఇటే చూస్తోంది. ఉంటా.

నీ అక్క


మేడ మీద, బీరువా పక్కన

అక్కా,

బస్సెక్కకు. చెప్తా.

ఆయన పొడుగ్గా ఉంటాడు. ఎప్పుడూ ఏదో గుమ్మం కిందనుంచి దూరుతున్నట్టు వంగి నడుస్తాడు. పేరడిగా గానీ నా నోట్లో టార్చిగారు అనే నిలబడింది. వీధి తలుపు నేనే తెరిచా. మన తలుపు ఎలా తెరుస్తామో నీకు చెప్పాలా? పిడి పట్టి కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్కటి వేస్తే వెన్నలా వస్తుంది. అలాగే తెరిచా. ఆయన అట్ట మీద "తలుపు: బాగుంది" అని రాసుకున్నాడు. చూశావా, మొదలు అంత బాగా జరిగింది.

తర్వాత హాల్లో ఫ్యాన్ వెయ్యమన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి వేశా. ఆయన హాల్లో స్విచ్చుల వంక చూస్తూ నిలబడ్డాడు, నెత్తి మీద ఫ్యాన్ తిరిగింది. ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు వేశారు?"

"నేనేనండీ, వంటింట్లోంచి."

"మరి ఈ హాల్లో స్విచ్చు దేనికి?"

"అది బయట లైటుకండీ."

"బయట ఉన్న స్విచ్చు?"

"దానికేం లేదండీ. అందానికి."

ఆయన అదీ రాసుకున్నాడు. బాత్రూంలో కుళాయి తిప్పాడు. నీళ్ళు రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. "అటు కాదండీ, ఇటు" అన్నా. అక్కా, ఒట్టు, ప్రపంచంలో కుళాయిలన్నీ అవతలి వైపు తిరుగుతాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరింట్లో చెయ్యి కడుక్కున్నా, పాపం వీళ్ళ కుళాయి పాడైపోయింది అనుకునేవాణ్ణి.

అసలు కథ తర్వాత. బయట గోడలు చూసొస్తానని వెళ్ళాడు. నేను టీ పెడుతున్నా. దబదబా చప్పుడు.

"బాబూ! లోపల గడియ పెట్టావా?"

"లేదండీ, తీసే ఉంది!"

"తీసి లేదయ్యా!"

"కాస్త పైకెత్తి, మోకాలితో కొట్టండి!"

"దేన్ని?"

ఒక దెబ్బ వినబడింది. దాని వెనకే "అమ్మా" అని కూడా వినబడింది. నేను వెళ్ళి తెరిచేసరికి, ఆయన గుమ్మంలో మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అక్కడే కూర్చుని, "తలుపు: బాగుంది" అన్నది నిదానంగా కొట్టేశాడు. అప్పుడు నా వంక డాక్టరు చూసినట్టు చూసి, "ఇంట్లో ఇలాంటివి ఇంకా ఏమేం ఉన్నాయి?" అన్నాడు.

"ఇలాంటివంటే?"

"నీకు అలవాటై, కొత్తవాళ్ళ కాళ్ళు విరగ్గొట్టేవి."

నేను నిజాయితీగా ఆలోచించా అక్కా. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. "ఏమీ లేవండీ" అన్నా. మేడ ఎక్కుతూ ఎత్తు మెట్టు దగ్గర బోర్లా పడబోయాడు. "అది ఎత్తు మెట్టండీ, అక్కడ కాలు కాస్త ఎక్కువ లేపాలి" అన్నా. వంటింటి కిటికీ రెక్కకి గరిటె అడ్డం పెట్టడం కూడా తప్పేనట. మరి గరిటె లేకపోతే కిటికీ ఎలా నిలబడుతుంది?

ఇంతటితో అయిపోతే నేను నీకు నవ్వుతూ రాసేవాణ్ణి. మేడ మీద సంగతే రాయలేకపోయా.

మన రెండు గదుల మధ్య గోడ ఉంది చూడు, దాని రెండు చివర్లా కింద నుంచి పై దాకా బీట. ఎప్పట్నుంచో ఉంది, వేలు పట్టేంత అయింది. నువ్వు దాచకు అన్నావు. నేను బీరువా అడ్డం పెట్టా. తొందర్లో దాని తలుపులు గోడవైపు పెట్టా. ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇది అటు తిరిగి నిలబడిందేం?" అన్నాడు.

"దానికి సిగ్గండీ" అన్నా.

ఆయన నవ్వలేదు. ఇద్దరం కలిసి జరిపాం. టార్చి వేసి చాలాసేపు చూశాడు. "గోడ ఇంటినుంచి విడిపోతోంది. పునాది తవ్వి చూడాలి" అని రాశాడు. అదే నర్సమ్మకీ చెప్పాడు. అత్తగారు, "రోజంతా పేషెంట్లతో చస్తున్నావు, ఇంటికొచ్చి ఇంకో పేషెంటుకి సేవ చేస్తావా?" అందట. నర్సమ్మ మంచిది, వద్దనలేదు. పునాది సంగతి తేలేదాకా ఏమీ చెప్పలేను అంది. పునాది తవ్వడానికి మనిషి వచ్చే నెల గానీ దొరకడట. ఈలోపల వానలు వచ్చేస్తాయి. మీసాల తాత షాపు ఇంకెవరికో ఇచ్చేస్తాడు.

నాన్న అందరి ఇళ్ళూ నిలిచేలా కట్టాడు. మనింటికే ఎందుకిలా చేశాడక్కా?

తమ్ముడు


అద్దె ఇంట్లో, గుమ్మం దగ్గర కూర్చుని

ఒరేయ్ పిచ్చి బొంగరం,

నీ ఉత్తరం చదువుతూ తలుపు దగ్గర మొదలుపెట్టిన నవ్వు బీరువా దగ్గర ఆగిపోయింది. తర్వాత గోడ దగ్గరికొచ్చేసరికి, ఏడవాల్సినదాన్ని, మళ్ళీ నవ్వా. మీ బావ నాకు మతి పోయిందనుకున్నాడు.

ఒరేయ్, అది గోడ కాదురా. మన గొడవ.

నీకు ఐదేళ్ళు. నాకు పెద్ద పరీక్షలు. మేడ మీద అప్పుడు ఒకటే గది. నువ్వు నిద్రలో కూడా బొంగరానివే. ఇటు తల పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అటు తేలేవాడివి. నీ కాళ్ళు నా పుస్తకం మీద, నీ చెయ్యి నా మూతి మీద. లైటు వేస్తే ఏడుపు, తీస్తే నాకు చదువు లేదు. "ఈ గదిలో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని ఒకరోజు నాన్నతో తెగేసి చెప్పా. ఆదివారం నాన్న, పనిలో మిగిలిన ఇటుకలు తెచ్చి, భోజనాల వేళకి మధ్యలో గోడ లేపేశాడు.

అమ్మ చూసి, "అదేంటి, పక్క గోడల్లోకి ఇటుక దూర్చలేదు, పైన కప్పుకి ఆనించలేదు. ఇంత పనోడివి, ఇలాగేనా కట్టేది?" అంది. నాన్న ఏమన్నాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. "పిల్లల గొడవకి కట్టిన గోడే. దీన్ని ఇంటికి కలిపి కడతామా? రేపు వాళ్ళు కలిసిపోతే ఒక్క పూటలో తీసెయ్యాలి" అన్నాడు.

అందుకని విడిగా నిలబెట్టాడు. పైన పూత మాత్రం కలిపి వేశాడు. ఆ పూత విచ్చుకుంది, అంతే. నువ్వు చూస్తున్నది గోడ బీట కాదు, నాన్న వదిలిన సందు.

గోడకీ కప్పుకీ మధ్య కూడా సందు ఉండేది. నువ్వు అటు గదిలోంచి గోల చేస్తే, నేను ఆ సందులోంచి రబ్బరు ముక్కలు విసిరేదాన్ని. తర్వాత బల్లులొస్తున్నాయని అమ్మ అందులో గుడ్డలు కుక్కి సున్నం వేయించింది. ఎక్కి చూడు. చూశాక టార్చిగారిని పిలువు. ఆయన చూడకుండా ఆ గోడ మీద చెయ్యి వెయ్యకు.

తర్వాత నాకు పెళ్ళైపోయింది. కలిసిపోయారు, ఇక గోడ తీసెయ్యండి అని చెప్పేవాళ్ళు లేకపోయారు.

అక్క


మేడ మీద, ఒకే ఒక్క గదిలో

అక్కా!

నా చిన్నప్పుడు ఆకాశంలోంచి రబ్బరు ముక్కలు పడేవని చెప్తే ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. బేకరీలో చెప్తే ఓనరు నా నుదురు పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళకి దొంగ దొరికింది!

నీ ఉత్తరం రాగానే నిచ్చెన ఎక్కా. పైన సున్నం గీకితే పెచ్చులుగా లేచింది. లోపల గుడ్డ. లాగుతుంటే వస్తూనే ఉంది. నీ పచ్చ గళ్ళ గౌను. దాంతోపాటు నల్లగా గట్టిపడ్డ రబ్బరు ముక్క ఒకటి నా ముక్కు మీద పడింది. ఇప్పటికీ గురి తప్పలేదు నువ్వు.

పరిగెత్తుకెళ్ళి టార్చిగారిని పట్టుకొచ్చా. ఈసారి తలుపు దగ్గర ఆయన బయటే ఆగి, "నువ్వే తెరువు" అన్నాడు. నిచ్చెన ఎక్కి ఆ సందులో టార్చి వేస్తే వెలుగు అవతలి గదిలో పడింది. ఆయన నమ్మలేక ఏదన్నా కాగితం ఇవ్వు అన్నాడు. చేతిలో నీ ఉత్తరమే ఉంది. ఆయన అది సందులో దూర్చాడు. అటువైపు నేల మీద పడింది.

దిగొచ్చి దూలం చూశాడు, మూలలు కొట్టి చూశాడు, కిందికెళ్ళి కింద గది కప్పు చూశాడు. అరగంట పైనే చూశాడు. నాకు ఆ అరగంటా కాలు ఒకచోట నిలవలేదు. చివరికి, "ఈ దూలం ఈ గోడ పుట్టకముందు నుంచీ తన బరువు తనే మోసుకుంటోంది. ఈ గోడ దేన్నీ మోయడం లేదు. పునాదికి ఏ జబ్బూ లేదు" అన్నాడు. తర్వాత కాసేపు ఆ సందులో వేలు పెట్టి పైకీ కిందికీ రాసి, "నేను ఇన్ని ఇళ్ళు చూశా. తీసెయ్యడానికి వీలుగా గోడ కట్టినవాణ్ణి చూడలేదు" అన్నాడు.

నేను అప్పుడే సమ్మెట ఎత్తా. "ఆగు నాయనా! పైనుంచి, ఒక్కో ఇటుకా" అన్నాడు. ఒక్కో ఇటుకా తీశా అక్కా. నేను! మధ్యలో టీకి కూడా వెళ్ళలేదు. నాన్న చెప్పినట్టే ఒక్క పూటలో అయిపోయింది. గోడ పోయాక అటు కిటికీ ఇటు కిటికీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి, గది నిండా గాలి. కాసేపు నీ వైపు పడుకున్నా, కాసేపు నా వైపు. తర్వాత అడ్డంగా పడుకున్నా. ఎవరూ తిట్టలేదు.

సాయంత్రం నర్సమ్మా వాళ్ళూ వచ్చారు. అత్తగారు ఎత్తు మెట్టుని తిట్టుకుంటూ ఎక్కి, గది మధ్యలో నిలబడి చుట్టూ చూసి, "గదంటే ఇదీ. అంతకుముందువి అగ్గిపెట్టెలు" అంది. "ఇది నాది" అని కూడా అంది. నర్సమ్మ భర్త మొదటిసారి నోరు తెరిచి "సరే" అన్నాడు.

మిగతావన్నీ బాగు చేసిస్తే కొంటారు. తలుపు, మెట్టు, కుళాయి నేనే చేస్తా. స్విచ్చులు మాత్రం కరెంటాయన చేస్తాడు, టార్చిగారు నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆయన మళ్ళీ వచ్చి చూసి రాసిస్తాడు. కిటికీ గరిటె మాత్రం అత్తగారు తియ్యొద్దంది. "గాలి సరిగ్గా ఎంత కావాలో అంతే వస్తోంది, దాని జోలికెళ్ళకు" అంది. గరిటెని ఇంటితోపాటు ఇచ్చేస్తున్నాం. నీకు అభ్యంతరమా?

తమ్ముడు


కుట్టు షెడ్డులో, కిటికీ పక్కన

తమ్ముడూ,

గరిటె ఇచ్చెయ్.

అన్నీ బాగు చేస్తున్నావని చదివి ముందు ఎగిరి గంతేశా. తర్వాత ఎందుకో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. ఆ ఎత్తు మెట్టు కూడా సరి చేసేస్తావా? నన్నొక్క మాట అడగొచ్చుగా అనిపించింది. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు.

మా అద్దె ఇంటి తలుపు వేలితో తోస్తే తెరుచుకుంటుంది. అయినా వచ్చిన రోజు నుంచీ నేను మోకాలితోనే కొడుతున్నా. "ఆ తలుపు నీకేం పాపం చేసింది?" అంటాడు మీ బావ. ఇక్కడ షెడ్డులో ఎప్పుడూ కుళాయి ముందు అటు తిప్పి తర్వాత ఇటు తిప్పుతా. మన తలుపు కూడా అందరి తలుపుల్లాంటి తలుపు అయిపోతుందని చదవగానే, మనం ఇంటికి కాకుండా ఎక్కడికో వెళ్తున్నట్టనిపించింది.

సరేలే. చేసెయ్. అవతల మబ్బులు పడుతున్నాయి, మీసాల తాత నిన్న రోడ్డు మీద కనబడి ఆకాశం వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు.

కాలర్లు పిలుస్తున్నాయి.

అక్క


మనది కాని ఇంటి అరుగు మీంచి

అక్కా,

అయిపోయింది. నీ కోపం ఎవరి మీదో తేలేలోపల పని అయిపోయింది, ఏం చెయ్యను!

తలుపుని దింపి, పట్టేసే అంచుకి నాన్న చిత్రిక పట్టి, కొత్త మడతబందులు వేశా. మెట్టు కొట్టి మిగతావాటితో సమానం చేశా. నాన్న రసమట్టం అటకమీద దొరికింది. దాంట్లో బుడగ నేను పెట్టిన మెట్టు మీద సరిగ్గా మధ్యలో నిలబడింది. అది చూసి, నేనూ కాసేపు అలాగే కదలకుండా నిలబడ్డా. టార్చిగారు వచ్చి అన్నీ తిప్పి, ఎక్కి, దిగి, అన్నిటికీ ఎదురుగా "బాగుంది" అని రాశాడు. ఒక్క దాని దగ్గర, "గరిటె: కొనేవారి ఇష్టం" అని.

ఇవాళ సంతకాలయ్యాయి. తాళం ఇచ్చే ముందు, "తలుపు మీరే ఒకసారి తెరిచి చూపించండి" అంది నర్సమ్మ. అందరూ గుమ్మం ముందు నిలబడ్డారు. నేను వెళ్ళి, పిడి పట్టి, పైకెత్తి, మోకాలితో ఒక్కటి వేశా.

అక్కా, నేనే చిత్రిక పట్టిన తలుపు. గాలికి తెరుచుకునే తలుపు. నేను దాంతోపాటే లోపలికి వెళ్ళి, హాలు మధ్యలో సాగిలపడ్డా. టార్చిగారు పరిగెత్తుకొచ్చాడు. అత్తగారు మాత్రం కదలకుండా, "ఉండనివ్వండి. కుర్రాడు ఇంటికి దణ్ణం పెట్టుకుంటున్నాడు" అంది.

నిజంగా దణ్ణమేలే. ఎలాగూ పడ్డా గనక కాసేపు లేవలేదు.

ఇంకోమాట. ఆ వెనక గదులు చూడకుండా షాపుకి సరే అనకు. అక్కడా టార్చిగారి లాంటివాళ్ళు ఉంటారు, ఒకాయన్ని పిలిపించి అన్నీ తెరిచి చూడు. ముఖ్యంగా తలుపులు. అన్నీ తేలాకే రాయి, బయల్దేరతా.

బొంగరం


షాపులో, వెనక గదిలోంచి

ఒరేయ్ బొంగరం,

చెప్పినట్టే ఒకాయన్ని పిలిపించా. మన టార్చిగారంత పొడుగు కాదు, టార్చి కూడా చిన్నదే. ముందు గదికి వంక లేదన్నాడు. తాత కొడుకు దగ్గర్నుంచి వెనక గది తాళం తెప్పించాడు. తాళం వచ్చింది గానీ తలుపు రాలేదు. తాత తోశాడు. ఆ వచ్చినాయన తోశాడు. మీ బావ భుజం పెట్టి తోశాడు. ఉహూఁ. "ఇది ఎప్పుడూ ఇంతే, మా ఆవిడ పోయాక ఒక్కసారికి తెరుచుకున్నది లేదు" అన్నాడు తాత మీసం దువ్వుకుంటూ.

"జరగండి" అన్నా.

పిడి పట్టా. కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్కటి.

వెన్నలా వచ్చిందిరా.

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఆ వచ్చినాయన అట్ట మీద "తలుపు: పాడైంది, మార్చాలి" అని రాసుకున్నాడు. తాత వెంటనే మార్పించి ఇస్తానన్నాడు. నేను వద్దన్నా. ఎందుకని ఇద్దరూ మార్చి మార్చి అడిగారు. మీ బావ అడగలేదు, అటు తిరిగి నవ్వుకున్నాడు.

నిన్న తాళాలు చేతికొచ్చాయి. వాన ఇవాళ మొదలైంది. షెడ్డులో సూపర్వైజరమ్మకి రేపే చెప్తున్నా. మొదటి చొక్కా నీకే, గుండీల దాకా నేనే కుడతా. కాలర్ మాత్రం ఉండదు, ముందే చెప్తున్నా.

నీ గది ఎడమవైపుది. అరలు కొట్టాలి, నాన్న పనిముట్ల సంచి తెచ్చుకో. చిత్రిక మాత్రం టార్చిగారికి ఇచ్చేసి రా.

నీ అక్క